థ్రెడెడ్ హెడ్‌సెట్ తీసేసి థ్రెడ్‌లెస్ వేయించుకోవచ్చా?

కొత్తపట్నం వాసి:
మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం, ఇల్లు సముద్రానికి కూతవేటు దూరం. నా ఉక్కు సైకిల్‌కు అంగుళం సైజు థ్రెడెడ్ (మరల) హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగుల అమరిక, ఉంది. ముందు బ్రేకు పట్టి బండిని ఊపితే హ్యాండిల్ మొదట్లో టక్కుమంటోంది; ఎత్తు పెంచుదామంటే హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ ససేమిరా కదలడం లేదు. పొద్దున నేనూ, సాయంత్రం నన్ను మించి పొడవు పెరిగిన మా అబ్బాయీ తొక్కుతాం కనుక ఎత్తు మార్చుకునే వీలు ఉండాలి. “ఇది రాదు సామీ, కోసేసి కొత్త రకం, మరలు లేని థ్రెడ్‌లెస్ వేయించుకో” అన్నాడు షాపతను. మారితే ఈ బాధ తప్పుతుందా?

నెల్లూరు పానా:
అవి రెండు వేర్వేరు జబ్బులండీ. టక్కుమనేది బేరింగు వదులై. స్టెమ్ కదలనిది తుప్పు పట్టి. థ్రెడెడ్ రకంలో ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు గొట్టం పైభాగాన బయటివైపు మరలుంటాయి, పై కప్పూ దాని మీది లాక్‌నట్టూ ఆ మరలకే బిగుస్తాయి. స్టెమ్ మాత్రం గొట్టం లోపలికి దిగి, అడుగునున్న ఏటవాలు ముక్క సాయంతో గోడకు ఒరుసుకుని నిలుస్తుంది. అందుకే బేరింగు జోలికి పోకుండా దాన్ని పైకీ కిందికీ జరపవచ్చు. థ్రెడ్‌లెస్‌లో స్టెమ్ గొట్టాన్ని బయటినుంచి కరుచుకుంటుంది, బేరింగు సర్దుబాటు నిలబడేదీ దాని పట్టుతోనే. గొట్టం ఒకసారి కోశాక స్టెమ్ కింద పెట్టే రింగులు (స్పేసర్లు) ఉన్నంత మేరకే ఎత్తు. పైగా హెడ్‌సెట్ ఒక్కటే మారిస్తే చాలదు, ఫోర్కు కూడా మార్చాలి. ఇద్దరు తొక్కే బండికి నేనైతే మార్చను.

మైపాడు రోడ్డు:
థ్రెడ్‌లెస్‌ను మరీ తీసిపారేయకండి. 1990ల మొదట్లో డయా-కాంపే కంపెనీ ‘అహెడ్‌సెట్’ పేరుతో తెచ్చిన ఈ పద్ధతి నిలబడిందంటే కారణముంది: దారిలో వదులైతే జేబులోని అల్లెన్ కీ చాలు, 32 మిల్లీమీటర్ల పల్చటి పానా మోసుకుపోనక్కర్లేదు. అయితే పై మూత బోల్టు స్టెమ్‌ను పట్టి ఉంచుతుందని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఆ బోల్టు పని బేరింగు వదులు తీయడమే. ఒకసారి స్టెమ్ పక్క బోల్టులు వదులు చేయకుండా దాన్నే బలంగా తిప్పి, అది బిగిసే గొట్టంలోని స్టార్‌నట్‌ను పైకి లాగేశాను.

నెల్లూరు పానా:
మీ స్టెమ్ అల్యూమినియందైతే ఉప్పుగాలికి ఉక్కు గొట్టంలో ఇంకా గట్టిగా పట్టేస్తుంది. కోయించే ముందు ఒక పని చేయండి. సైకిల్‌ను తలకిందులు చేసి, ఫోర్కు అడుగు రంధ్రంలోంచి తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి ఉంచండి. తర్వాత నిలబెట్టి, స్టెమ్ బోల్టును నాలుగు చుట్లు వదులు చేసి, దాని తల మీద చెక్కముక్క పెట్టి సుత్తితో కొట్టండి. అడుగునున్న ఏటవాలు ముక్క కిందికి జారితే, చక్రాన్ని కాళ్ల మధ్య ఇరికించి హ్యాండిల్ తిప్పండి.

కొత్తపట్నం వాసి:
ఒక రాత్రి చాలలేదు, రెండు రాత్రులు పట్టింది. మూడో దెబ్బకు ముక్క జారి, స్టెమ్ తెల్లటి పొడి రాలుస్తూ బయటికొచ్చింది. కప్పుల్లో గోళీలు గుంటలు చేసి ఉన్నాయి, అవి కొత్తవి వేయించాను, టక్కు పోయింది. స్టెమ్‌కు గ్రీజు దట్టంగా పూసి, నాకొకటీ మావాడికొకటీ రంగుతో గీతలు పెట్టాను. పైగీత దగ్గర నిలిపినా, స్టెమ్‌ను ఇంతకు మించి పైకి లాగొద్దని కంపెనీవారు పెట్టిన హద్దు గీత గొట్టంలో మునిగే ఉంటోంది.