రావులపాలెంలో ఒక లింకు ఫుల్, పక్కది ఖాళీ: ఈసీఎంపీ హ్యాష్ ఎలా మార్చాలి?

కోనసీమలో ఒక లోకల్ ఇంటర్నెట్ సర్వీసు నెట్‌వర్క్ చూసుకుంటున్నానండి. రాజమండ్రి కోర్ స్విచ్ నుంచి రావులపాలెంలో ఉన్న రెండు స్విచ్‌లకు చెరో లింకు. అక్కడ ఒక్కో స్విచ్ నుంచి అమలాపురానికి రెండేసి 10 గిగాబిట్ లింకులు. రూటింగ్ ఓఎస్‌పీఎఫ్ (దారులు ఎంచుకునే ప్రోటోకాల్), కాస్ట్‌లు అన్నీ సమానం. అందుకే సమాన దారుల మధ్య ట్రాఫిక్ పంచే ఈసీఎంపీ నడుస్తోంది; ఏది ఏ లింకులో వెళ్లాలో హ్యాష్ అనే లెక్కతో తేలుతుంది. మూడు స్విచ్‌లూ ఒకే మోడల్.

రాత్రి 8 నుంచి 11 వరకే సమస్య. రాజమండ్రిలో డౌన్‌లోడ్ ట్రాఫిక్ చక్కగా సగం సగం అవుతోంది. రావులపాలెంలో మాత్రం మొదటి స్విచ్‌లో 1వ లింకు నిండిపోయి 2వది దాదాపు ఖాళీ. రెండో స్విచ్‌లో సరిగ్గా తిరగబడి ఉంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసులు ఆగిపోతున్నాయని ఫోన్లు వస్తుంటే చాలా బాధగా ఉంది.

రూటింగ్ టేబుల్‌లో రెండు నెక్స్ట్ హాప్‌లూ (ముందుకు వెళ్లే దారులు) కనిపిస్తున్నాయి. ఎస్‌ఎఫ్‌పీలు (లింకు చివర పెట్టే మాడ్యూళ్లు) మార్చి చూశాం. హ్యాష్‌కి ఐపీ అడ్రసులతో పాటు పోర్ట్ నంబర్లు కూడా కలిపాం, తేడా లేదు. ప్యాకెట్‌కో లింకు చొప్పున పంపితే లోడ్ సమానమైంది కానీ ప్యాకెట్లు వరస తప్పి వాయిస్ కాల్స్ తెగిపోయాయి, వెంటనే తీసేశాం.

పై స్విచ్ (రాజమండ్రి), కింది స్విచ్ (రావులపాలెం) ఒకే లెక్క వేయడం వల్ల, కిందికి వచ్చినదంతా మళ్లీ ఒకే లింకుకి పోయే హ్యాష్ పోలరైజేషన్ ఇదని నా అనుమానం. అందుకే రావులపాలెంలో హ్యాష్ సీడ్ (లెక్క మొదలయ్యే విలువ) మార్చాం. విచిత్రంగా లోడ్ పంచుకోలేదు, మొత్తంగా పక్క లింకుకి మారిపోయింది! హ్యాష్ ఫంక్షన్ సీఆర్‌సీ16 (16 బిట్ల ఫలితమిచ్చే లెక్క). దాంట్లో సీడ్ మారిస్తే ఫలితాలన్నీ ఒకేలా తిరగబడతాయేమో అనిపిస్తోంది.

ఇలాంటిది సరిచేసినవాళ్లు చెప్పండి: రావులపాలెంలో హ్యాష్ ఫంక్షన్‌నే వేరేది పెట్టాలా, లేక సీఆర్‌సీ16 ఉంచి హ్యాష్‌లో వేరే బిట్లు తీసుకునేలా ఆఫ్‌సెట్ మారిస్తే సరిపోతుందా?