సన్ ఫైర్ వీ240లో సోలారిస్ 10 మొదట్నుంచీ ఎక్కించాలి: పాస్‌వర్డులు లేవు, ఎఫ్2 పలకదు, జెడ్‌ఎఫ్‌ఎస్ కనబడదు

తాంబరం తెలుగోడు:
అందరికీ నమస్కారం. చెన్నై రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ సన్ ఫైర్ వీ240 (సన్ కంపెనీ పాత సర్వర్) తీసుకున్నాను. అల్ట్రాస్పార్క్ త్రీ-ఐ ప్రాసెసర్లు రెండు, 4 జీబీ ర్యామ్, 73 జీబీ స్కజీ డిస్కులు రెండు. రూట్ పాస్‌వర్డు తెలీదు, ఏలామ్ (సర్వర్‌ని బయటి నుంచి అదుపు చేసే లోపలి కంట్రోలరు) అడ్మిన్ పాస్‌వర్డూ తెలీదు. ఉన్నదంతా తుడిచేసి, జెడ్‌ఎఫ్‌ఎస్ (ఒక ఫైల్ సిస్టమ్) రూట్‌తో సోలారిస్ 10 ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, రెండు డిస్కులనీ మిర్రర్ (ఒకదానికొకటి నకలు) చేయాలి.

చిక్కులు ఇవీ. సీరియల్ కేబుల్ నుంచి బ్రేక్ (మెషీన్‌ని మధ్యలో ఆపే సంకేతం) పంపితే ఒకసారి ఓకే ప్రాంప్ట్ (సిస్టమ్ బయట ఆదేశాలు తీసుకునే చోటు) వస్తుంది, ఒకసారి అసలు చలనమే ఉండదు. వచ్చినప్పుడు బూట్ సీడీరామ్ కొడితే 'ఫాస్ట్ డేటా యాక్సెస్ ఎంఎంయూ మిస్' అంటుంది. ఎలాగో ఇన్‌స్టాలర్ దాకా వెళ్లినా ఎఫ్2 నొక్కితే కదలదు. మౌస్ ఉన్న స్క్రీన్ కూడా రాదు, జెడ్‌ఎఫ్‌ఎస్ ఎంచుకునే వీలూ కనబడదు. ఇన్‌స్టాల్ డీవీడీ మీద 8/07 (2007 ఆగస్టు విడుదల) అని ఉంది. సోలారిస్ 11 వేసుకుంటే ఈ గొడవ తప్పుతుందా?

ఓకే ప్రాంప్ట్:
సోలారిస్ 11 ఆలోచన వదిలేయండి. వీ240 లాంటి పాత అల్ట్రాస్పార్క్ పెట్టెలని 11 తీసుకోదు. వీటికి సోలారిస్ 10లో చివరి అప్‌డేట్ 1/13, దాన్నే వాడండి. మీ దగ్గరున్న 8/07లో జెడ్‌ఎఫ్‌ఎస్ ఉంది గానీ దాని మీద రూట్ పెట్టే వీలు లేదు. అది 10/08 నుంచే మొదలైంది. కాబట్టి తప్పు మీ హార్డ్ డిస్కులది కాదు, ఇన్‌స్టాల్ డీవీడీది. కొత్త ఐఎస్ఓ (డీవీడీ ఇమేజ్ ఫైలు) దించుకునేటప్పుడు పేరులో స్పార్క్ (మీ ప్రాసెసర్ రకం) ఉందో లేదో చూడండి. ఎక్స్86ది రాసి పెడితే ఈ మెషీన్ దాన్ని గుర్తే పట్టదు. డీవీడీ-ఆర్ మీద తక్కువ స్పీడులో రాయండి, ఈ సన్నటి పాత డ్రైవులు తిరగరాసే డిస్కుల దగ్గర పేచీ పెడతాయి.

బ్రేక్ సంగతి: ముందువైపు తాళంచెవి స్విచ్ చూశారా? అది లాక్డ్ స్థానంలో ఉంటే బ్రేకూ పనిచేయదు, పవర్ బటనూ పనిచేయదు. నార్మల్‌కి తిప్పండి. డయాగ్నస్టిక్స్‌లో మాత్రం వదలకండి, ఆన్ చేసిన ప్రతిసారీ పూర్తి పరీక్ష నడిపి టైమంతా తినేస్తుంది.

కేబుల్: సీరియల్ మేనేజ్‌మెంట్ అని రాసి ఉన్న ఆర్‌జే45 సాకెట్‌కి సిస్కో రౌటర్లతో వచ్చే లేత నీలం కన్సోల్ కేబుల్ నేరుగా సరిపోతుంది. 9600, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్. కరెంటు పెట్టాక 60 సెకన్లలోపు ఎవరూ ఏలామ్‌లోకి లాగిన్ కాకపోతే ఆ పోర్టు సిస్టమ్ కన్సోల్‌కి వెళ్లిపోతుంది. అంటే ఏలామ్ పాస్‌వర్డు లేకపోయినా ప్రస్తుతానికి పని ఆగదు. పుట్టీలో బ్రేక్ స్పెషల్ కమాండ్ మెనూలో ఉంటుంది, మినీకామ్‌లో కంట్రోల్-ఏ, తర్వాత ఎఫ్.

ఇక ఎంఎంయూ (మెమరీ అడ్రసులు చూసుకునే భాగం) మిస్. నడుస్తున్న కెర్నెల్‌ని బ్రేక్‌తో మధ్యలో నిలిపేస్తే మెమరీ, ఎంఎంయూ ఆ కెర్నెల్ వదిలిన స్థితిలోనే ఉండిపోతాయి. దానిమీద ఇంకో బూట్ కొడితే వచ్చేది ఈ తిట్టే. ఓకే దగ్గర ఈ వరస తప్పకండి (ఇక్కడ తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి):

సెట్‌ఎన్వ్ ఆటో-బూట్? ఫాల్స్
రీసెట్-ఆల్
ప్రోబ్-స్కజీ-ఆల్
బూట్ సీడీరామ్ - టెక్స్ట్

ఆ ప్రశ్నార్థకం కూడా పేరులో భాగమే. చివరి లైనులో గీతకి రెండు పక్కలా ఖాళీ ఉండాలి. రీసెట్ చేయకుండా ప్రోబ్ కొడితే మెషీన్ బిగుసుకుపోవచ్చు. ప్రోబ్‌లో రెండు డిస్కులూ కనబడకపోతే ఇన్‌స్టాలర్ దాకా వెళ్లొద్దు, ముందు వాటిని ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టండి.

ఎఫ్2కి మందు: టెర్మినల్ రకం వీటీ100 ఎంచుకుని, ఎస్కేప్ నొక్కి వదిలేసి 2 నొక్కండి. సీరియల్ మీద ఫంక్షన్ కీలు సరిగా అందవు. మౌస్ స్క్రీన్ రాలేదని బాధపడకండి, జెడ్‌ఎఫ్‌ఎస్ రూట్ ఇచ్చేది టెక్స్ట్ ఇన్‌స్టాలర్ ఒక్కటే.

టేప్ డ్రైవ్:
చిన్న జాగ్రత్త: సిస్టమ్ కాన్ఫిగరేషన్ కార్డుని (చిన్న స్మార్ట్ కార్డులా ఉంటుంది) ఊడదీసి చూద్దామనుకోకండి. మ్యాక్ అడ్రసు, హోస్ట్ ఐడీ అందులోనే ఉంటాయి, అది లేకుండా వీ240 బూట్ కాదు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే.

ఇంకోమాట. సపోర్ట్ కాంట్రాక్టు లేకుండా సోలారిస్ 10కి ప్యాచ్‌లు రావు. నేర్చుకోవడానికైతే సరే, బయటి నెట్‌కి తెరిచి పెట్టేదైతే ఓపెన్‌బీఎస్‌డీ స్పార్క్64 చూడండి. డీవీడీ డ్రైవు చచ్చినా నెట్ నుంచి బూట్ చేయొచ్చు. టీఎఫ్‌టీపీ సర్వర్‌లో (బూట్ ఫైలుని నెట్ మీద అందించేది) పెట్టే బూట్ ఫైలు పేరు మెషీన్ ఐపీని హెక్సాలో రాసినట్టుండాలి: 192.168.1.10 అయితే సీ0ఏ8010ఏ, అక్షరాలన్నీ పెద్దవి. నెట్ బూట్ ఆగిపోయే చోట ముందు చూడాల్సింది ఈ పేరే.

తాంబరం తెలుగోడు:
బ్రేక్ పలకనప్పుడు చూస్తే స్విచ్ లాక్డ్‌లో ఉంది! 1/13తో జెడ్‌ఎఫ్‌ఎస్ వచ్చింది, మొదటి డిస్కు మీద సిస్టమ్ ఎక్కింది. రెండోదాన్ని రూట్ పూల్‌లో (సిస్టమ్ ఉన్న జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల గుంపు) కలుపుదామని జడ్‌పూల్ అటాచ్ కొడితే 'ఈఎఫ్‌ఐ లేబుల్ ఉన్నవి రూట్ పూల్‌కి పనికిరావు' అన్నట్టు వచ్చింది. ఫార్మాట్ -ఇ లో ఎస్ఎంఐ లేబుల్ (సన్ పాత రకం విభజన పట్టిక) వేశాను. ఇప్పుడు 'డివైస్ చిన్నది' అంటోంది. రెండూ ఒకే సైజు కదా?

ఓకే ప్రాంప్ట్:
డిస్కు పెద్దదే, అందులోని స్లైస్ (డిస్కు భాగం) 0 చిన్నది. ఎస్ఎంఐ లేబుల్ కొత్తగా వేసినప్పుడు ఫార్మాట్ తన డిఫాల్ట్ పట్టిక రాస్తుంది. అందులో స్లైస్ 0కి వందో నూట ముప్పయ్యో ఎంబీ ఇచ్చి, మిగతాదాన్ని దాదాపు మొత్తం స్లైస్ 6కి తోసేస్తుంది. రూట్ పూల్ కూర్చునేది మాత్రం స్లైస్ 0లో. చేత్తో లెక్కలు వేసుకోకుండా మొదటి డిస్కు పట్టికని రెండోదానికి అచ్చు దించండి:

పీఆర్‌టీవీటాక్ /డెవ్/ఆర్‌డీఎస్‌కే/సీ1టీ0డీ0ఎస్2 | ఎఫ్ఎంటీహార్డ్ -ఎస్ - /డెవ్/ఆర్‌డీఎస్‌కే/సీ1టీ1డీ0ఎస్2
జడ్‌పూల్ అటాచ్ ఆర్‌పూల్ సీ1టీ0డీ0ఎస్0 సీ1టీ1డీ0ఎస్0

పట్టిక కాపీలో స్లైస్ 2 (మొత్తం డిస్కు), పూల్‌లో స్లైస్ 0. ఇవి తారుమారు కానివ్వకండి, టీ0 (మొదటి డిస్కు), టీ1 (రెండోది) అసలే కానివ్వకండి. జడ్‌పూల్ స్టేటస్‌లో రీసిల్వర్ (రెండో డిస్కుకి డేటా నకలు) పూర్తయిందని వచ్చేదాకా రీబూట్ వద్దు.

అటాచ్ అయితే మిర్రర్ అయిపోయినట్టేనని వదిలేస్తారు చాలామంది. డేటా వెళ్తుంది గానీ బూట్ బ్లాక్ (బూట్ మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాం) దానంతటది వెళ్లిందని నమ్మకండి. ఇన్‌స్టాల్‌బూట్‌కి -ఎఫ్ (ఈ ఎఫ్ మాత్రం పెద్ద అక్షరం) జెడ్‌ఎఫ్‌ఎస్ ఇచ్చి, /యూఎస్ఆర్/ప్లాట్‌ఫామ్ కింద మీ మోడల్ పేరున్న ఫోల్డరులోని లిబ్/ఎఫ్ఎస్/జెడ్‌ఎఫ్‌ఎస్/బూట్‌బీఎల్‌కే ఫైల్ని సీ1టీ1డీ0ఎస్0 రా డివైస్ (/డెవ్/ఆర్‌డీఎస్‌కే కిందిది) మీద రాయండి. మోడల్ పేరు కోసం యూనేమ్ -ఐ.

ఏలామ్ పాస్‌వర్డు కూడా ఇప్పుడు మీ చేతిలో ఉన్నట్టే. అదే మోడల్ ఫోల్డరులో ఎస్‌బిన్ కింద ఎస్‌సీఏడీఎం ఉంటుంది. రూట్‌గా 'ఎస్‌సీఏడీఎం యూజర్‌పాస్‌వర్డ్ అడ్మిన్' అంటే కొత్తది అడుగుతుంది.

ఆఖర్న ఇనిట్ 0 కొట్టి ఓకేకి రండి. డెవ్‌ఏలియస్‌లో పేర్లు చూసుకుని సెట్‌ఎన్వ్ బూట్-డివైస్ డిస్క్0 డిస్క్1, ఆటో-బూట్? మళ్లీ ట్రూ. తర్వాత బూట్ డిస్క్1 కొట్టి, రెండో డిస్కు నుంచి లాగిన్ దాకా వస్తుందో లేదో ఇవాళే చూసుకోండి.