సంఘం రేడియోకు ఏది చవక: అన్నీ కలిపిన ప్యాకేజీయా, సొంత సర్వరా?

ఒహాయో తెలుగువాడు:
మాది ఒహాయోలో ఒక చిన్న తెలుగు సంఘం. లాభాపేక్ష లేని సంస్థగా 501సి3 గుర్తింపు ఉంది. ఇంటర్నెట్ రేడియో మొదలుపెట్టాలని నిరుడు ఉగాదికే తీర్మానించాం. ఇప్పటివరకు జరిగింది వాదన ఒక్కటే. కార్యవర్గంలో ఒక వర్గం లైవ్365 లాంటి చోట నెలవారీ ప్యాకేజీ తీసుకుందాం, ప్రసారమూ పాటల లైసెన్సులూ వాళ్లే చూసుకుంటారు అంటోంది. రెండో వర్గం సర్వర్ అద్దెకు తీసుకుని, లైసెన్సులు మనమే తెచ్చుకుందాం అంటోంది. మా కోశాధికారి గారిది మూడో వర్గం, అందులో ఆయన ఒక్కరే: "పాటలు మన దగ్గర ఎలాగూ ఉన్నాయి, మళ్లీ ఎవరికి కట్టాలి?" రోజంతా ప్రసారం, సగటున ఒకేసారి యాభై మంది శ్రోతలు అని మా అంచనా. నడిపి చూసినవారు చెప్పండి.

తీగలపని:
సొంత సర్వరే. ప్రసారం ఖర్చు గురించి అనవసరంగా భయపెడతారు. 128 కిలోబిట్ల ఎంపీ3 అయితే ఒక్కరు గంటసేపు వింటే 57.6 మెగాబైట్లు. యాభై మంది, నెలకు 730 గంటలు, మొత్తం సుమారు 2.1 టెరాబైట్లు. ఏఏసీ ప్లస్ అనే కుదింపు పద్ధతిలో 64 కిలోబిట్లకు దించితే అందులో సగం, కారులో వినేవారికి తేడా తెలియదు. శ్రోతలకు ప్రసారం పంపే ఐస్‌కాస్ట్ ఉచితం, పాటలను వరుసగా అందించే లిక్విడ్‌సోప్ ఉచితం, వాటిని వెనుక పెట్టుకుని మీటలతో నడిపించే అజురాకాస్ట్ కూడా ఉచితమే. పాటల పట్టికలు, వ్యాఖ్యాతల లాగిన్లు, ఎందరు వింటున్నారనే లెక్క అన్నీ అందులోనే ఉంటాయి. దీనికి ప్యాకేజీ ఎందుకు?

లెక్కల మాస్టారు:
తీగలపని గారూ, మీ లెక్క సరైనదే. కానీ మీరు చెప్పింది పెళ్లికి పందిరి ఖర్చు. భోజనాల ఖర్చు పాటల దగ్గర ఉంది.

ఒక్కో పాటలో రెండు హక్కులుంటాయి. సాహిత్యం, స్వరం కలిపి ఒకటి, రికార్డింగు రెండోది. అమెరికాలో రికార్డింగు సొమ్మును సౌండ్‌ఎక్స్ఛేంజ్ వసూలు చేస్తుంది, రేటును కాపీరైట్ రాయల్టీ బోర్డు నిర్ణయిస్తుంది. చందా లేని వాణిజ్య రేడియోకు 2021లో ఆ రేటు ఒక పాటను ఒక శ్రోత వింటే 0.0021 డాలర్లు. ఇంతేనా అనిపిస్తుంది. యాభై మంది శ్రోతలు ఏడాదికి 4,38,000 గంటలు వింటారు. గంటకు పన్నెండు పాటలు వేస్తే 52,56,000 సార్లు పాట విన్నట్లు. గుణించండి, 11,000 డాలర్లు దాటుతుంది. మీ దీపావళి వేడుక బడ్జెట్ ఎంతో నాకు తెలియదు కానీ, ఇది దాన్ని మింగేస్తుంది.

ఇప్పుడు మీ అసలు బలం చూడండి. అదే పట్టికలో లాభాపేక్ష లేని సంస్థలకు వేరే వరుస ఉంది. ఏడాదికి ఒక చానెల్‌కు కనీస రుసుము 1,000 డాలర్లు కడితే నెలకు 1,59,140 శ్రోత గంటల వరకు మరేమీ కట్టక్కర్లేదు. మీ యాభై మంది కలిసి నెలకు 36,500 గంటలే వింటారు. సగటున రెండు వందల పది మంది విన్నా మీరు గీత దాటరు. పదకొండు వేలు ఎక్కడ, వెయ్యి ఎక్కడ! ప్యాకేజీయా సర్వరా అని తలలు పగలగొట్టుకునే ముందు, లైసెన్సు దరఖాస్తు మీ సంఘం పేరుతోనే పెట్టండి. ఎవరో ఉత్సాహవంతుడు తన సొంత కంపెనీ పేరుతో పెడితే ఈ వెసులుబాటు గాలికి పోతుంది.

ఇవి 2021–2025 కాలపు అంకెలు. 2026 నుంచి కొత్త ఐదేళ్ల పట్టిక మొదలైంది కాబట్టి కట్టే ముందు తాజా రేటు చూసుకోండి. ఇక సాహిత్యం, స్వరాల వైపు ఆస్కాప్, బీఎంఐ, సెసాక్, జీఎంఆర్ అని హక్కుల సొమ్ము వసూలు చేసే నాలుగు సంస్థల గడపలు ఉన్నాయి. ఆ ఖర్చు వేరు.

సాయంకాలం స్టూడియో:
నేను మూడేళ్లుగా ప్యాకేజీ మీదే వారాంతపు రేడియో నడుపుతున్నాను. మాస్టారు గారి లెక్క కాగితం మీద అందంగా ఉంది. అందులో మనుషులు లేరు. ఏ పాట, ఎవరు పాడారు, ఏ ఆల్బమ్, ఏ కంపెనీ, ఎందరు విన్నారు అని నివేదికలు ఎవరు పంపుతారు? మన సంఘాల్లో పాటల ఫైళ్ల పేర్లు చూశారా? "కొత్తది 3 ఫైనల్ మంచిది" అని ఉంటుంది. ఆ నాలుగు గడపల ఉత్తరాలకు ఎవరు జవాబిస్తారు? రాత్రి రెండు గంటలకు సర్వర్ పడిపోతే ఎవరు లేస్తారు? మొదటి నెల అందరూ లేస్తారు. ఆరో నెలలో నేను ఒక్కదాన్నే లేచేదాన్ని, అందుకే ప్యాకేజీకి మారాను. చవక ప్యాకేజీలో శ్రోత గంటలకు పరిమితి ఉంటుంది, మధ్యలో వాళ్ల ప్రకటనలు వస్తాయి. భరిస్తున్నాను.

తీగలపని:
మరి ఆ ప్యాకేజీ వాళ్లే పడిపోతే? చిన్న వెబ్ రేడియోలకు ఆదాయంలో శాతం కడితే చాలనే ఒప్పందం 2015తో ముగిసింది. 2016 జనవరి 31న లైవ్365 మూతపడింది. దాని మీద ఆధారపడిన వేల స్టేషన్లు ఒక్క నెలలో వీధిన పడ్డాయి. 2017లో కొత్త యజమానితో మళ్లీ తెరుచుకుంది, నిజమే. కానీ శ్రోతలు ఏడాదిపాటు గుమ్మంలో కూర్చోరు కదా.

నా సొంత అనుభవం ఇంకా చేదు. పేరు చెప్పను, ఒక చిన్న కంపెనీ "లైసెన్సు మాదే, మీరు నిశ్చింతగా ఉండండి" అని ఏడాది సొమ్ము ముందే తీసుకుంది. ఏ హక్కుల సంఘంతో ఒప్పందం ఉందో ఒక్క కాగితం చూపమంటే మూడు నెలలు నాన్చి, చివరికి ఫోను ఎత్తడమే మానేసింది.

సాయంకాలం స్టూడియో:
అది ప్యాకేజీ తప్పు కాదండీ, కాగితం చూడకుండా డబ్బు కట్టిన తప్పు. నేను కట్టే ముందు ఏయే దేశాల శ్రోతలకు, ఏయే సంఘాల హక్కులు అందులో ఉన్నాయో రాతపూర్వకంగా తీసుకున్నాను.

పాతపాటల పెట్టె:
మీరంతా డబ్బు దగ్గరే ఆగిపోయారు. ఆ రికార్డింగు లైసెన్సు నిబంధనలు చదివారా? మూడు గంటల వ్యవధిలో ఒకే కళాకారుడి పాటలు నాలుగుకు మించకూడదు, వరుసగా మూడుకు మించకూడదు. ఒక ఆల్బమ్ నుంచి మూడే, అందులో వరుసగా రెండే. అంటే జూన్ 4న బాలు గారి పుట్టినరోజుకు రోజంతా ఆయన పాటలే వేద్దామనుకుంటే ఈ లైసెన్సు ఒప్పుకోదు. సినిమా పాటలన్నీ వరుసగా వేయడం మనకు అలవాటు, అదీ కుదరదు. ఏ పాట ఎప్పుడు వస్తుందో పట్టిక ముందే ప్రకటించకూడదు. కోరిన పాటల కార్యక్రమం చేయవచ్చు, కానీ అడిగిన గంటలోపే పాట వేయడం మీద కార్యక్రమాలు నడిస్తే చిక్కే. ఆకాశవాణికి ఉత్తరం రాసి వారాల తరబడి ఎదురుచూసిన తరం వాడిని, నాకు ఇబ్బంది లేదు. మీ యువ వ్యాఖ్యాతలు ఊరుకుంటారా?

సినిమా పాటలో ముఖ్య కళాకారుడు గాయకుడా, సంగీత దర్శకుడా అన్నది ఇంకో తగాదా. ఇళయరాజా పేరు కింద లెక్కిస్తే నా ఆదివారం మధ్యాహ్నం మొత్తం నిబంధన ఉల్లంఘనే.

కోశాధికారి:
పైన చెప్పిన మూడో వర్గం నేనే. నన్ను అడగకుండా నా మాట ఇక్కడ పెట్టినందుకు అధ్యక్షుల వారికి ధన్యవాదాలు. యాభై మంది వినే రేడియోను ఎవరు పట్టించుకుంటారని ఇప్పటికీ నా సందేహం. ఇంకో ప్రశ్న. కడతాం సరే, ఆ వెయ్యి డాలర్లలో హైదరాబాదులో కూర్చుని పాట పాడిన మనిషికి ఎంత చేరుతుంది? చేరనప్పుడు ఇది న్యాయమా, కేవలం శిస్తా?

లెక్కల మాస్టారు:
సూటైన ప్రశ్న. సౌండ్‌ఎక్స్ఛేంజ్ పంపకంలో 50 శాతం రికార్డింగు హక్కుదారుకు, 45 శాతం ముఖ్య కళాకారులకు, 5 శాతం పక్కవాద్యాలు, కోరస్ వారి నిధికి. గాయకుడు అక్కడ పేరు నమోదు చేసుకుని, మీరు నివేదికలో ఆయన పేరు సరిగ్గా రాస్తేనే చేరుతుంది. "కొత్తది 3 ఫైనల్ మంచిది" అని పంపితే ఎవరికీ చేరదు. ఇక పట్టించుకోవడం సంగతికొస్తే, సకాలంలో నమోదైన రికార్డింగు విషయంలో అమెరికా కోర్టు ఒక్కో కృతికి 750 నుంచి 30,000 డాలర్ల దాకా పరిహారం వేయవచ్చు. లెక్క యాభై మంది శ్రోతల మీద కాదు, మీరు వేసిన పాటల మీద. పైగా యూట్యూబ్ నుంచి దింపిన పాటలకు ఈ లైసెన్సు రక్షణ ఉండదు, మీరు వేసే పాట కాపీ చట్టబద్ధంగా తయారైనదై ఉండాలి.

కృష్ణలంక:
విజయవాడ నుంచి ఒక మాట. మీ లైసెన్సులు అమెరికా గడప దాటవు. శ్రోత ఏ దేశంలో ఉంటే ఆ దేశపు హక్కు కావాలి. ఇక్కడ కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 31డి సెక్షన్ వచ్చింది, ప్రసార సంస్థలు నిర్ణీత రేటు కట్టి పాటలు వేసుకోవచ్చు. ఇంటర్నెట్‌కూ అది వర్తిస్తుందని 2016లో కేంద్ర ప్రభుత్వ విభాగం ఒక మెమో ఇచ్చింది. టిప్స్ అనే పాటల కంపెనీకీ, వింక్ అనే పాటల యాప్‌కూ మధ్య కేసులో బాంబే హైకోర్టు 2019లో అది రేడియోకూ టీవీకే తప్ప ఇంటర్నెట్‌కు కాదంది, 2022లో డివిజన్ బెంచ్ అదే ఖాయం చేసింది. కాబట్టి ఇక్కడి శ్రోతల కోసం సాహిత్యం, స్వరాల హక్కులు చూసే ఐపీఆర్ఎస్ సంఘం ఒక వైపు, రికార్డింగు హక్కులున్న ఆదిత్య, లహరి, సరిగమ లాంటి కంపెనీలు ఇంకో వైపు, ఎవరికి వారితో బేరమే. చిన్న సంఘానికి అయ్యే పని కాదు. భారతదేశాన్ని ఆపేయండి. అజురాకాస్ట్‌లో దేశాల వారీగా ఆపే వీలుంది.

కోశాధికారి:
అంటే తెనాలిలో ఉన్న మా అమ్మ వినకూడదా? ఈ రేడియోకు నేను ఒప్పుకున్నదే ఆవిడ కోసం. పోనీ 1960కి ముందు పాటలే వేస్తే? అరవై ఏళ్లు దాటాయి కదా.

పాతపాటల పెట్టె:
సగమే దాటాయి. మాయాబజార్ పాటలు తీసుకోండి. 1957 నాటి రికార్డింగుకు భారతదేశంలో అరవై ఏళ్లు 2017తో నిండాయి. కానీ సాహిత్యానికి లెక్క రచయిత మరణం నుంచి. పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు, కాబట్టి 2031 చివరి దాకా హక్కు ఉంది. ఘంటసాల గారు 1974లో పోయారు, ఆయన బాణీలకు 2034 దాకా. అమెరికాలోనైతే 1972కు ముందరి రికార్డింగులకు కూడా 2018 చట్టం రక్షణ కల్పించింది. పాతవైతే ఊరికే వస్తాయన్న మాట రెండు దేశాల్లోనూ నిలవదు.

కృష్ణలంక:
కోశాధికారి గారూ, అమ్మగారికి పద్యాలు ఇష్టమా? తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వారు 1950లో పోయారు, అరవై ఏళ్లు 2010తో నిండాయి. పాండవోద్యోగ పద్యాలు మీవాళ్లు ఎవరైనా సొంతంగా పాడి రికార్డు చేస్తే, పాడినవారి చేత ఒక సమ్మతి పత్రం రాయించుకుంటే, ఇక్కడ ఎవరికీ కట్టక్కర్లేదు. త్యాగరాజ కృతులూ అంతే. ఒకరి క్యాసెట్ తెచ్చి వేస్తే మాత్రం మళ్లీ మొదటికి వస్తారు.

ఒహాయో తెలుగువాడు:
నిన్న రాత్రి కార్యవర్గం ఫోనులో రెండు గంటలు కూర్చుంది. మొదటి ఏడాది వారాంతాలకే పరిమితమై ప్యాకేజీలో నడుపుతాం, దేశాల జాబితా రాతపూర్వకంగా ఇస్తేనే సంతకం. ఈలోగా సంఘం పేరుతో సౌండ్‌ఎక్స్ఛేంజ్ దరఖాస్తు, నాలుగు గడపల రేట్లు కనుక్కుంటాం, ఫైళ్ల పేర్లు సరిచేయడానికి ఇద్దరు కాలేజీ పిల్లలు ఒప్పుకున్నారు. భారతదేశం కోసం సినిమా పాటలు లేని రెండో చానెల్, అది తీగలపని గారు చెప్పిన సొంత సర్వర్ మీద.

పద్యాలు కోశాధికారి గారే పాడతారట. హార్మోనియం ఎవరి దగ్గరుందో క్లీవ్‌లాండ్ వైపు వారు ఎవరైనా చెప్పగలరా?

తీగలపని:
హార్మోనియం సంగతి తెలియదు. పద్యాలకు 64 చాలదు, రాగం తీసేటప్పుడు గొంతు గరగరలాడుతుంది. ఆ చానెల్‌కు 96 పెట్టండి.