మొదటిసారి ప్రైవేటుగా థెరపీకి వెళ్తున్నాను, లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి

కొత్తబాట:

అందరికీ నమస్కారం. ఆందోళన, నిద్ర పట్టకపోవడం నా సమస్యలు. పరీక్షలన్నీ చేశాక ఒంట్లో జబ్బేమీ లేదని తేల్చి, మాట్లాడే థెరపీకి వెళ్ళమన్నారు డాక్టరు గారు. ఫీజు నేనే కట్టుకోవాలి, మనిషిని కూడా నేనే వెతుక్కోవాలి. ఇద్దరి పేర్లు దగ్గర పెట్టుకున్నాను, వచ్చే వారం ఒకరితో మొదలుపెట్టాలి. ముందుగా వాళ్ళని ఏం అడగాలి? మొదటి రోజు ఏం జరుగుతుంది, చిన్నప్పటి సంగతులన్నీ చెప్పాల్సిందేనా? మొత్తం ఎన్ని సెషన్లు పడుతుంది? "ధైర్యంగా ఉండండి" అనే జవాబులు కాకుండా పద్ధతి ఎలా ఉంటుందో వివరంగా చెప్తే మేలు.

నిమ్మళం:

ముందు అర్హత సంగతి చూసుకోండి. "కౌన్సెలర్" అనో "థెరపిస్టు" అనో బోర్డు పెట్టుకోవడానికి చాలా దేశాల్లో చట్టం అడ్డురాదు. అందుకే డిగ్రీ ఏమిటి, ఏ వృత్తి సంస్థలో రిజిస్టరయ్యారు అని అడిగి, ఆ సంస్థ జాబితాలో పేరుందో లేదో మీరే చూసుకోండి. సూపర్‌విజన్ తీసుకుంటున్నారా అని కూడా అడగండి. అంటే తమ కేసుల గురించి తమకంటే అనుభవం ఉన్నవాళ్ళతో క్రమం తప్పకుండా చర్చించుకోవడం. ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా అది ఉండాలి. ఇవన్నీ అడిగితే మంచి థెరపిస్టు నొచ్చుకోరు. నొచ్చుకున్నారంటే రెండో పేరుకి ఫోన్ చేయండి.

చాలామంది మొదట 15, 20 నిమిషాలు ఉచితంగా ఫోన్లో మాట్లాడతారు. అందులో మీ కథంతా చెప్పొద్దు. "ఆందోళన, నిద్రలేమి నా సమస్యలు. ఇలాంటి వాటికి మీరు ఏ పద్ధతి వాడతారు? మామూలుగా ఎన్ని వారాలు పడుతుంది? మెరుగవుతున్నానో లేదో ఎలా చూస్తారు?" ఈ మూడు ప్రశ్నలు చాలు. జవాబు మీకు అర్థమయ్యే మాటల్లో వచ్చిందా లేదా అన్నదే చూడండి.

ఇక డబ్బు సంగతి. సెషన్ రద్దు చేసుకోవాలంటే ఎంత ముందు చెప్పాలో కనుక్కోండి. 24 లేదా 48 గంటల ముందు చెప్పాలన్న నియమం ఎక్కువగా కనిపిస్తుంది, ఆ గడువు దాటితే పూర్తి ఫీజు పడుతుంది. గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. ఆలస్యంగా వెళ్తే అటువైపు సమయం పొడిగించరు, మీ సెషనే తగ్గుతుంది. పది సెషన్లకు ఒకేసారి కడితే తగ్గిస్తామంటే మొదట్లోనే ఒప్పుకోకండి. నచ్చకపోయినా కట్టిన డబ్బు కోసం కొనసాగాల్సి వస్తుంది. బీమా ద్వారా తీసుకుంటే మీ రోగనిర్ధారణ వివరాలు ఆ కంపెనీకి వెళ్ళే అవకాశం ఉంటుంది, ఏమేం పంపుతారో ముందే అడగండి. ఫీజు భారమైతే తగ్గింపు ఉందా అని మొహమాటపడకుండా అడగండి, కొందరు కొన్ని స్థానాలు అందుకే ఉంచుతారు.

మొదటి సెషన్ మిగతావాటిలా ఉండదు. దాదాపు అంతా వాళ్ళు అడగడం, మీరు చెప్పడం. ముందుగా గోప్యత, రద్దు నియమాలున్న ఒప్పందం మీద సంతకం. తర్వాత సమస్య ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఎక్కువవుతుంది, నిద్ర, ఆకలి, పని, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, వాడుతున్న మందులు, మద్యం, ఇంతకుముందు చికిత్స ఏమైనా జరిగిందా, ఇవన్నీ అడుగుతారు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తాయా అని కూడా నేరుగా అడుగుతారు. మీలో ఏదో కనిపెట్టి అడుగుతున్నారని కంగారుపడకండి, అది అందరినీ అడిగే ప్రశ్నే. అడిగినంత మాత్రాన అలాంటి ఆలోచన పుట్టదు. నిజం చెప్పండి. అలాంటి ఆలోచనలు వస్తున్నాయని చెప్పగానే ఎవరూ ఆసుపత్రికి తరలించరు. ఆలోచన మాత్రమేనా, పథకం కూడా ఉందా అని విడదీసి అడుగుతారు.

చిన్నప్పటి విషయాలు పైపైన అడగొచ్చు. "అది ఇప్పుడే వద్దు" అనే హక్కు మీకుంది. మొదటి రోజే మొత్తం బయటపెట్టేసి, సిగ్గుతో రెండోసారి రాని వాళ్ళుంటారు. కొంచెం కొంచెంగా చెప్పడమే మేలు.

ఆకుపచ్చసిరా:

నిమ్మళం గారు చెప్పినవి చేసుకోండి. నేను పద్ధతుల గురించి చెప్తాను.

సెషన్ సాధారణంగా 50 నిమిషాలు, వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే సమయం. ఖర్చు కలిసొస్తుందని మొదటి నుంచే నెలకోసారి పెట్టుకోవద్దు. నెలలో జరిగినవి చెప్పుకోవడానికే ఆ 50 నిమిషాలు అయిపోతాయి, అసలు పని మిగిలిపోతుంది. మొదట ప్రతి వారం వెళ్ళి, కుదుటపడ్డాక రెండు వారాలకోసారి చేసుకుంటే అదే డబ్బుకి ఎక్కువ ఫలితం ఉంటుంది.

ఆందోళనకి ఎక్కువగా వాడేది సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), అంటే బాధపెట్టే ఆలోచనల్నీ అలవాట్లనీ పరీక్షించి మార్చుకునే పద్ధతి. 1960లలో అమెరికన్ మనోవైద్యుడు ఆరన్ బెక్ దీనికి పునాది వేశారు. మామూలుగా 12 నుంచి 20 సెషన్లు. ఇందులో ఇంటిపని, అంటే సెషన్ల మధ్య చేయాల్సిన హోంవర్కు ఉంటుంది. ఉదాహరణకి స్నేహితురాలికి మెసేజ్ పెట్టారు, రెండు గంటలైనా జవాబు లేదు. కాగితం మీద నిలువు గీతలు గీసి మొదటి గడిలో జరిగింది రాస్తారు. రెండో గడిలో మనసులో మెదిలిన మాట: "నా మీద కోపం వచ్చింది". మూడో గడిలో భయం, 100కి 80. తర్వాత ఆ మాటని బలపరిచేవి ఒక గడిలో, కాదనేవి ఇంకో గడిలో. చివర్న, ఇంకేం కారణం అయ్యుండొచ్చు, ఇప్పుడు భయం ఎంత అని రాస్తారు. 80 కాస్తా 50కి దిగితే ఆ రోజుకి చాలు, సున్నా కానక్కర్లేదు. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, రెండో గడిలో ఆలోచనకి బదులు "బాధగా అనిపించింది" అని రాయడం. అది భావన. వాక్యం రూపంలో ఉన్న ఆలోచన దొరికితేనే దాన్ని పరీక్షించగలం. రెండో పొరపాటు, వారమంతా వదిలేసి సెషన్‌కి ముందు రోజు రాత్రి కూర్చుని పూర్తి చేయడం. అప్పటికి అసలు ఆలోచన గుర్తుండదు, ఊహించి రాస్తాం. పనికి అడ్డమేమిటో థెరపిస్టుకి చెప్పండి, ఇంటిపని తగ్గిస్తారు లేదా మారుస్తారు.

మీ నిద్ర విషయంలో ప్రత్యేకంగా అడగాల్సింది ఒకటుంది: నిద్రలేమికి విడిగా సీబీటీ ఉంది, 4 నుంచి 8 సెషన్లలో పూర్తవుతుంది. ముందు ఒకటి రెండు వారాలు నిద్ర డైరీ రాయిస్తారు. మీరు 8 గంటలు మంచం మీద ఉండి 6 గంటలే నిద్రపోతుంటే, మంచం మీద ఉండే సమయాన్నే 6 గంటలకు కుదిస్తారు. లేచే వేళ మారదు, పడుకునే వేళ ఆలస్యమవుతుంది. మంచం మీద గడిపిన సమయంలో 85 నుంచి 90 శాతం నిద్రే అయినప్పుడు 15 నిమిషాల చొప్పున పెంచుతూ పోతారు. మొదటి రెండు వారాలు పగలు మత్తుగా, చిరాగ్గా ఉంటుంది. చాలామంది "ఇది నాకు పడలేదు" అని మానేసేది సరిగ్గా అప్పుడే. ఆ రోజుల్లో బండి నడపడం తగ్గించుకోండి. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్ళు దీన్ని సొంతంగా చేయకూడదు.

పాత అనుబంధాల్లోకి వెళ్ళే సైకోడైనమిక్ పద్ధతి అయితే దారి వేరు. అక్కడ ఇంటిపని తక్కువ, థెరపిస్టు తక్కువ మాట్లాడతారు, నెలలు పట్టొచ్చు, ఏళ్ళూ పట్టొచ్చు. ఏది గొప్పదనే వాదన అనవసరం, కానీ మీరు దేనికి డబ్బు కడుతున్నారో మీకు తెలిసుండాలి.

కొత్తబాట:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. ఇంకో మూడు సందేహాలు. నేను చెప్పినవి ఇంట్లోవాళ్ళకి తెలుస్తాయా? మాట రాక నిశ్శబ్దంగా కూర్చుంటే? వెళ్ళాక ఇంకా బరువుగా అనిపిస్తుందని విన్నాను, నిజమేనా?

నిదానం:

గోప్యత ఉంటుంది, కానీ దానికి హద్దులున్నాయి. మీ ప్రాణానికి గానీ, ఇంకొకరి ప్రాణానికి గానీ తక్షణ ముప్పు ఉన్నా, పిల్లల మీద హింస జరుగుతోందని తెలిసినా, కోర్టు ఆదేశించినా థెరపిస్టు బయటికి చెప్పాల్సి రావచ్చు. కచ్చితమైన నియమాలు దేశాన్ని బట్టి మారతాయి, అందుకే మొదటి సెషన్లోనే "ఏ పరిస్థితుల్లో నా మాట ఈ గది దాటుతుంది?" అని అడగండి. మీరు పెద్దవాళ్ళయితే, మీ అనుమతి లేకుండా ఇంట్లోవాళ్ళు ఫోన్ చేసినా, మీరు వస్తున్నారన్న సంగతి కూడా చెప్పకూడదు. బిల్లు ఏ పేరు మీద, ఏ ఫోన్ నంబరుకి, ఏ ఈమెయిల్‌కి వస్తుందో చూసుకోండి. రహస్యం బయటపడేది ఎక్కువగా అపాయింట్‌మెంట్ గుర్తుచేసే మెసేజ్ వల్లే. నోట్సు ఎక్కడ దాస్తారు, ఎన్నేళ్ళు ఉంచుతారు అనీ అడగొచ్చు.

నిశ్శబ్దం గురించి. థెరపిస్టు నిమిషం పాటు మాట్లాడకపోతే మీ మీద విసుగొచ్చి కాదు, మీరు ఆలోచించుకోవడానికి వదిలారు. మరీ ఇబ్బందిగా ఉంటే "ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు" అనండి, అక్కడి నుంచే వాళ్ళు అందుకుంటారు. వారంలో అనిపించినవి రెండు మూడు ముక్కలు ఫోన్లో రాసుకుని వెళ్ళి చదివినా తప్పులేదు. ఒక్కటి మాత్రం గమనించుకోండి: అసలు విషయం చివరి ఐదు నిమిషాల్లో, లేచి వెళ్ళబోతూ చెప్పడం చాలామందికి అలవాటు. అప్పుడు దాన్ని విప్పడానికి సమయం ఉండదు, మీరు దాన్ని మోసుకుంటూ ఇంటికి వెళ్తారు. అలా జరిగితే తర్వాతి సెషన్ దానితోనే మొదలుపెట్టమని అడగండి.

బరువుగా అనిపించడం నిజమే. ఇన్నాళ్ళు పక్కన పెట్టినదాన్ని కదిపితే ఒకటి రెండు రోజులు అలసట, ఏడుపు, కలలు ఉండొచ్చు. సెషన్ అయిన వెంటనే ఆఫీసు మీటింగు పెట్టుకోకండి, అరగంటైనా ఖాళీ ఉంచుకోండి. అయితే వారాల తరబడి దిగజారుతూనే ఉంటే మాత్రం "మంచికే" అని సర్దుకోవద్దు. కొందరు థెరపిస్టులు కొన్ని వారాలకోసారి పీహెచ్‌క్యూ-9 (కుంగుబాటుకి), జీఏడీ-7 (ఆందోళనకి) అనే చిన్న ప్రశ్నపత్రాలు ఇస్తారు. గత రెండు వారాల గురించి మొదటిదాంట్లో 9 ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. రెండోదాంట్లో 7 ప్రశ్నలు, మొత్తం 21 మార్కులు. అంకె పెరిగితే బాధ పెరిగినట్టు. ఇవ్వకపోతే మీరే అడగండి. ఐదారు సెషన్లకి అంకె కదలకపోతే, "మనం చేస్తున్నది పనిచేయట్లేదేమో, ఏం మారుద్దాం?" అన్న మాట మీరే ఎత్తండి.

ఎడ్వర్డ్ బోర్డిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1979లో థెరపీ సంబంధాన్ని మూడుగా విడదీశారు: లక్ష్యం మీద ఇద్దరికీ ఒప్పందం, చేసే పని మీద ఒప్పందం, ఇద్దరి మధ్య నమ్మకం. "ఎందుకో నచ్చట్లేదు" అనిపించినప్పుడు ఈ మూడింట్లో ఏది లోపించిందో చూసుకోండి. మొదటి రెండూ మాట్లాడుకుంటే సరిదిద్దుకోవచ్చు. మూడోది మూడు నాలుగు సెషన్లయినా కుదరకపోతే మార్చుకోండి, అది ద్రోహం కాదు. చెప్పకుండా మానేసే బదులు ఒక ఆఖరి సెషన్ అడగండి, వేరే పేర్లు సూచించమనండి. ఇక స్నేహం చేస్తామన్నా, బయట కలుద్దామన్నా, తాకడమో ప్రేమ మాటలో వచ్చినా ఒక్క సెషన్ కూడా ఆగనక్కర్లేదు. ఆపేసి, రిజిస్టరైన సంస్థకి ఫిర్యాదు చేయండి.

నిమ్మళం:

ఒకటి మర్చిపోయాను. సెషన్ల మధ్యలో మెసేజ్ చేయొచ్చా, ఎంతసేపట్లో జవాబిస్తారు అన్నది మొదటి రోజే తేల్చుకోండి. చాలామంది సమయం మార్పుల వరకే జవాబిస్తారు. ప్రైవేటు థెరపిస్టు అత్యవసర సేవ కాదు. ప్రాణం తీసుకోవాలన్నంత ఆలోచన వస్తే సెషన్ దాకా ఆగకుండా వెంటనే అత్యవసర నంబరుకి ఫోన్ చేయాలి లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళాలి, ఆ నంబరు ఇప్పుడే ఫోన్లో పెట్టుకోండి. ఆన్‌లైన్లో తీసుకుంటే తలుపు వేసుకోండి, ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, లైను తెగితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే అనుకోండి. వేరే దేశానికి వెళ్ళినప్పుడు అక్కడినుంచి సెషన్ కుదరకపోవచ్చు, వాళ్ళ లైసెన్సు అక్కడ చెల్లకపోవచ్చు. ప్రయాణం ఉంటే ఓ నెల ముందే చెప్పండి.