4,29,49,67,297 ప్రధాన సంఖ్యేనా? చేత్తో తేల్చే దారి చెప్పండి

అమలాపురం_పదోతరగతి:
2³²కి 1 కలిపితే వచ్చేది ఇదే. అంకెల మొత్తం 59, కాబట్టి 3తో పోదు. 7, 11, 13తోనూ పోవట్లేదు. వర్గమూలం 65,536కి వెంట్రుకవాసి ఎక్కువ, ఆ లోపు ప్రధాన సంఖ్యలే 6,542! పిల్లల చేత అన్నీ చేయించలేం కదండీ. ప్రోగ్రాం రాసి 2³²+1 వేయిస్తే జవాబు '1' అంటోంది.

తణుకు_లెక్కలు:
అన్నీ అక్కర్లేదు మాస్టారూ, రెండే చాలు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య p అనుకోండి. pతో భాగిస్తే 2³²కి శేషం −1, అంటే 2⁶⁴కి శేషం 1. అంతకన్నా చిన్న ఘాతానికి 1 రాదు, 2కి p−1 ఘాతం వేస్తే మాత్రం శేషం ఎప్పుడూ 1, కనుక p−1ని 64 భాగించి తీరాలి. అప్పుడు p, 8తో భాగిస్తే 1 మిగిలే రకం. అలాంటి pకి 2 వర్గశేషం (అంటే ఏదో ఒక వర్గసంఖ్యని pతో భాగిస్తే 2 మిగులుతుంది) అవుతుంది కాబట్టి p−1ని భాగించే 64 కాస్తా 128 అవుతుంది. ఇక 128k+1 వరస: 129, 257, 385, 513, 641. వీటిలో ప్రధానాలు 257, 641 మాత్రమే. 257తో 2 మిగులుతుంది. 641తో సరిగ్గా పోతుంది, భాగఫలం 67,00,417.

భాగహారం లేకుండా కూడా చూపొచ్చు. 641 = 5×2⁷+1, అదే 641 = 5⁴+2⁴. మొదటిదాన్నిబట్టి 5×2⁷కి శేషం −1. నాలుగో ఘాతం చేస్తే 5⁴×2²⁸కి 1. రెండోదాన్నిబట్టి 5⁴ బదులు −2⁴ పెట్టండి: −2³²కి శేషం 1. అయిపోయింది. పిల్లలకి ఇదే బోర్డు మీద వేయండి.

2కి 1, 2, 4, 8, 16, 32 ఇలా రెట్టింపవుతూ పోయే ఘాతాలు వేసి 1 కలిపితే వచ్చేవన్నీ ప్రధానాలేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ 641 పట్టుకుని ఆ నమ్మకం పోగొట్టాడు.

గౌతమి_కోడ్:
ప్రోగ్రాం తప్పు లెక్కది కాదు, సంఖ్యని దాచే పెట్టెది, అంటే వేరియబుల్‌ది. 32 బిట్ల పెట్టెలో పట్టేది 4,29,49,67,295 దాకానే. ఆ పైన మళ్ళీ సున్నా, తర్వాత 1. వేరియబుల్ 64 బిట్లది పెట్టండి. 8 అంకెల కాలిక్యులేటర్ కూడా పనికిరాదు, కొట్లో వాడే 12 అంకెలది తీసుకోండి.

అమలాపురం_పదోతరగతి:
మరి 67,00,417 ఇంకా విడిపోతుందా?

తణుకు_లెక్కలు:
విడిపోదు. దాని వర్గమూలం 2,588 పైచిలుకు. ఆ లోపు అదే 128k+1 వరసలోని ప్రధానాల్లో 257 భాగించదని ముందే తేలింది, మిగిలినవి నాలుగు: 641తో శేషం 44, 769తో 120, 1153తో 334, 1409తో 622. ప్రధానమే. కాబట్టి అసలు సంఖ్యకి భాజకాలు మొత్తం నాలుగే.

మార్టేరు_గట్టు:
ఇంకో దారి. 65,536² + 1² అందరికీ తెలిసిందే. 62,264² + 20,449² కూడా అదే సంఖ్య, కూడి చూసుకోండి. రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగితే అది ప్రధానం కాదు. ఈ జతని చేత్తో వెతకాలంటే మాత్రం 641 పట్టుకోవడమే సుళువు.

పిల్లలకి పరిమాణం తెలియాలంటే ధాన్యంలో చెప్పండి. వెయ్యి గింజలు 20 గ్రాములనుకుంటే ఇన్ని గింజలు దాదాపు 86 టన్నులు, మన 75 కిలోల బస్తాల్లో 1,145. కళ్ళంలో ఆఖరికి కలిపిన గింజ ఒక్కటే ఆ '+1'.