ఆరని సబ్బుకు ఊలు తొడుగు వేయొచ్చా?

కొత్తచెయ్యి:
కాస్టిక్ సోడాతో సబ్బు చేయడం ఈమధ్యే మొదలుపెట్టాను. మొదటి బ్యాచ్ కోసి 9 రోజులైంది. బిళ్లలు చేతికి గట్టిగానే తగులుతున్నాయి. వీటికి ఊలు చుట్టి, ఫెల్ట్ చేసి (అంటే తడిపి రుద్ది ఊలును తొడుగులా బిగించి), దగ్గరివాళ్లకు ఇవ్వాలని ఉంది. కొందరేమో నాలుగైదు వారాలు ఆగాల్సిందే అంటున్నారు. ఇంకొందరు ఇప్పుడే చేసేయండి, ఊలు లోపలే ఆరిపోతుంది అంటున్నారు. ఎవరి మాట వినాలి?

నురగపువ్వు:
చేసేయండి. నేను వారం రోజుల బిళ్లలనే ఫెల్ట్ చేస్తాను. లేత సబ్బు నీళ్లు తగలగానే నురగ ఇస్తుంది, ఊలు పది నిమిషాల్లో పట్టుకుంటుంది. బాగా ఆరిన బిళ్లయితే నురగ రావడానికే చాలాసేపు రుద్దాలి, ఆలోపు పొరలు పక్కకు జరిగిపోతాయి. పైగా లేత బిళ్ల మూలలు మెత్తగా ఉంటాయి కాబట్టి అక్కడ ఊలు చిరగదు. ఊలు గాలి ఆడే వస్తువు, లోపలి తేమ ఎలాగూ బయటికి వెళ్లిపోతుంది. ఇన్ని వారాలు ఎందుకు ఆగాలో నాకు అర్థం కాదు.

ఊలుబుట్ట:
నురగపువ్వు గారూ, త్వరగా పట్టుకుంటుందన్నది నిజమే. కానీ ఫెల్ట్ చేసిన రోజు చూసి మురిసిపోతే సరిపోదండీ, నెల తర్వాత ఆ బిళ్లను చేతిలోకి తీసుకుని చూడండి.

ఊలు పోగు మీద చేప పొలుసుల్లా సన్నటి పొలుసులుంటాయి. వేడినీళ్లు, సబ్బు తగిలితే అవి విచ్చుకుంటాయి. రుద్దేకొద్దీ ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని బిగుసుకుంటాయి. ఆ బిగువు రోజూ వాడితేనే పెరుగుతుంది. బహుమతిగా ఇచ్చిన బిళ్ల మాత్రం వాడకుండా అలమరలోనే ఉంటుంది. లోపలి లేత సబ్బు నీరు కోల్పోయి కుంచించుకుపోతుంది, పైన తొడుగు మాత్రం అలాగే ఉండిపోతుంది. నెల తర్వాత పట్టుకుంటే లోపల బిళ్ల కదులుతుంది. నేను మొదట్లో ఇచ్చిన ఆరు బిళ్లలూ ఇలాగే వదులైపోయాయి. తీసుకున్నవాళ్లు ఏమీ అనలేదు కానీ నాకు మనసంతా అదే.

ఇంకొకటి. ఫెల్టింగ్ అంటేనే బిళ్లను వేడినీళ్లలో తడిపి పది పదిహేను నిమిషాలు రుద్దడం. లేత బిళ్ల ఆ రుద్దుడుకు చాలా కరిగిపోతుంది, పైగా బోలెడు నీళ్లు పీల్చుకుంటుంది. ఆరాల్సిన వస్తువును మళ్లీ నానబెట్టి, దానికి దుప్పటి కప్పినట్టే అవుతుంది.

మూలల సంగతికి ఆరకముందే తొందరపడక్కర్లేదు. చాకుతో అంచులు కొద్దిగా చెక్కి, తడి వేలితో నున్నగా చేస్తే చాలు. పొరలు జరిగిపోతున్నాయంటే మొదటి రెండు మూడు నిమిషాల్లోనే రుద్దేస్తున్నారన్నమాట. ఒక బిళ్లకు 10 గ్రాముల ఊలు దాకా పడుతుంది. పొగమంచులా పల్చగా లాగిన పొర ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, మళ్లీ ఒకటి అడ్డంగా చుట్టండి. నైలాన్ మేజోడులో దూర్చి, వేడినీళ్లు కొద్దికొద్దిగా చిలకరించి, ముందు అరచేత్తో ఊరికే ఒత్తండి. పొరలు బిళ్లకు అంటుకున్నాకే రుద్దడం మొదలుపెట్టాలి. చివర్లో రెండు వేళ్లతో గిల్లి లాగి చూడండి. పోగులు విడిగా లేస్తే ఇంకా కాలేదు, తొడుగంతా ఒక్కటిగా లేస్తే అయినట్టు.

క్షారలెక్క:
ఒక అపోహ తొలగిస్తాను. నూనెకు ఎంత కాస్టిక్ సోడా పడుతుందన్న లెక్క సరిగ్గా ఉంటే ఒకట్రెండు రోజుల్లోనే కాస్టిక్ సోడా దాదాపు మొత్తం నూనెతో కలిసి సబ్బుగా, గ్లిజరిన్‌గా మారిపోతుంది. కాబట్టి 9 రోజుల సబ్బు చేతిని కాలుస్తుందేమోనన్న భయంతో నాలుగు వారాలు ఆగమని చెప్పడం తప్పు. ఆ వారాల్లో నీరు పోయి బిళ్ల గట్టిపడుతుంది, నురగ బాగుపడుతుంది, సబ్బు త్వరగా అరగదు. ఆలివ్ నూనె ఎక్కువున్నదైతే ఇంకా చాలాకాలం ఆగితేనే దాని నురగలోని జిగట తగ్గుతుంది.

అసలు చూడాల్సింది లెక్క తప్పిందా అని. లెక్క తప్పిన బిళ్లను ఎన్నాళ్లు ఆరబెట్టినా నమ్మలేం.

ఇంటిసబ్బు:
క్షారలెక్క గారు అన్నది నాకు స్వయంగా జరిగింది. 500 గ్రాముల నూనెల రెసిపీలో కొబ్బరినూనె తక్కువైందని 200 గ్రాముల మేర ఆలివ్ నూనె పోశాను. కాస్టిక్ సోడా మాత్రం పాత లెక్కే వేశాను. 100 గ్రాముల కొబ్బరినూనెకు 18 గ్రాముల పైచిలుకు కాస్టిక్ సోడా పడితే, ఆలివ్ నూనెకు 13.5 గ్రాములే చాలు. అంటే తొమ్మిది గ్రాములకు పైగా ఎక్కువైంది. 5 శాతం సూపర్ ఫ్యాట్ (సబ్బుగా మారకుండా మిగిలేలా వదిలే నూనె) పెట్టుకున్నాను కాబట్టి అందులో నాలుగు గ్రాములదాకా సర్దుకుంది. మిగతాది సబ్బులోనే ఉండిపోయింది.

నాకది తెలియక తెల్లటి మెరీనో ఊలు చుట్టేశాను. ఊలు కూడా మన జుట్టులా కెరాటిన్ అనే ప్రోటీనే, ఘాటు క్షారానికి ఆగదు. తెలుపు పోయి పసుపుపచ్చగా అయింది, ఆరాక పట్టుకుంటే గరగరలాడి వేళ్ల మధ్య పొడిపొడిగా రాలింది. చేతులు మండితే మామూలు నీళ్ల కింద చాలాసేపు కడుక్కున్నాను. ఆ బ్యాచ్ ఎవరికీ ఇవ్వకముందే బయటపడింది, అదొక్కటే ఊరట.

నురగపువ్వు:
ఊలుబుట్ట గారూ, బహుమతి విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. నేను చేసినవి అన్నీ మా ఇంట్లోనే వాడతాం, మర్నాటి నుంచే. రోజూ వాడుతుంటే సబ్బుతోపాటు ఊలూ కుంచించుకుపోతుంది, అందుకే వదులు నాకెప్పుడూ ఎదురవలేదు. ఇంట్లో వాడుకునేవాళ్లకు మాత్రం నా పద్ధతి తప్పు కాదనే ఇప్పటికీ అంటాను.

తడిగుడ్డ:
ఇద్దరూ ఆరడం గురించే మాట్లాడారు కాబట్టి అడుగుతున్నాను. వాడాక ఆ తొడుగు ఆరేదెప్పుడు? ఊలు సహజంగానే క్రిములను చంపుతుందని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మొద్దు. 1988లో ఒక ప్రయోగంలో సబ్బు బిళ్లలకు కావాలనే బ్యాక్టీరియా పట్టించి చేతులు కడిగిస్తే, అవి చేతులకు అంటలేదని తేలింది. కానీ అది తొడుగు లేని సబ్బు. రోజంతా తడిగా ఉండే ఊలుకు ఆ ఫలితాన్ని అంటగట్టలేం. రంధ్రాలున్న సబ్బు పెట్టె, లేకపోతే వేలాడదీయడానికి ఒక దారం ఉండాలి. బిళ్ల ఇచ్చేటప్పుడు ఈ మాటా చెప్పండి.

ఊలుబుట్ట:
దారం మాట బాగుందండీ. ఫెల్ట్ చేసేటప్పుడే పొరల మధ్య ఊలు దారం ఒకటి పెడితే అదీ కలిసి బిగుసుకుంటుంది. సూపర్‌వాష్ అని రాసున్న ఊలు మాత్రం కొనకండి, దాని పొలుసులను ముందే అణిచేస్తారు, ఎంత రుద్దినా ఫెల్ట్ అవదు.

కొత్తచెయ్యి గారూ, క్యాలెండర్ బదులు తక్కెడను నమ్మండి. ఒక బిళ్ల వెనక తేదీ గీసి వారానికోసారి తూచండి. వరుసగా రెండు వారాలు తూకం మారలేదంటే అది తొడుగుకు సిద్ధం.

కొత్తచెయ్యి:
ఇప్పుడే తూచాను, 104 గ్రాములు. ఇంటిసబ్బు గారి మాట చదివాక భయమేసి నా లెక్క మళ్లీ మొదటినుంచి వేశాను, సరిగ్గానే ఉంది. ఎనిమిది బిళ్లల్లో రెండు నురగపువ్వు గారి పద్ధతిలో ఈ ఆదివారమే ఫెల్ట్ చేసి ఇంట్లో వాడతాను. మిగతా ఆరూ అరమీద ఆరబెడుతున్నాను, తూకం ఆగాకే వాటికి ఊలు.