కొన్ని వెన్నుపూసలతో కొత్త జాతికి పేరు పెట్టవచ్చునా?

శిలాన్వేషి: జైసల్మేర్ ప్రాంతంలో దొరికిన శిలాజాల ఆధారంగా, ‘థారోసారస్ ఇండికస్’ అనే పొడవు మెడ శాకాహార డైనోసార్‌ను 2023లో రూర్కీ ఐఐటీ, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థల శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వయసు దాదాపు 16.7 కోట్ల ఏళ్లు. దొరికినవి మెడ, వీపు, తోక భాగాల అసంపూర్ణ వెన్నుపూసలు, పక్కటెముక మాత్రమే. ఇంతమాత్రంతో డైక్రియోసారిడ్ కుటుంబంలో (పొడవు మెడ డైనోసార్‌లలో ఒక శాఖ) ఇదే అత్యంత ప్రాచీనమని చెప్పడం తొందరపాటని నా అభిప్రాయం. ఇలాంటిది ముందే జరిగింది: 1828లో జబల్‌పూర్ దగ్గర దొరికిన డైనోసార్ తోక పూసలకు 1877లో లైడెకర్ అనే శాస్త్రజ్ఞుడు ‘టైటానోసారస్ ఇండికస్’ అని పేరు పెడితే, ఆ లక్షణాలు ఇతర జాతుల్లోనూ ఉన్నాయని 2003లో విల్సన్, అప్‌చర్చ్ అనే పరిశోధకులు దానిని సందేహాస్పద నామంగా తేల్చారు.

భూగర్భ విద్యార్థి: ఎముకలు ఎన్ని అన్నది కాదు, వాటిలో విలక్షణత ఎంత అన్నది ముఖ్యం. ఈ జంతువుల వెన్నుపూసల్లోని గుంటలు, పలుచని పలకల అమరిక జాతిని బట్టి మారుతుంది కనుక, ఒక మంచి పూస చెప్పినంత కాలి ఎముక చెప్పదు. మన తెలంగాణలో దొరికిన పొడవు మెడ డైనోసార్ కోటాసారస్‌కూ పుర్రె దొరకలేదు కదా, దానిని ఎందుకు అంగీకరిస్తున్నారు?

శిలాన్వేషి: ఆ పోలిక నిలవదు. 1988లో పి. యాదగిరి గారు వర్ణించిన కోటాసారస్ యామనపల్లియెన్సిస్‌కు, యామనపల్లి దగ్గర, కనీసం 12 జంతువుల ఎముకలు లభించాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో దాని అస్థిపంజరాన్ని నిలబెట్టగలిగింది అందుకే.

కరుణ: వీటి పుర్రెలు చిన్నవి, సున్నితమైనవి. పుర్రె కోసం వేచి ఉంటే సగం జాతులకు పేర్లే ఉండవు.

శిలాన్వేషి: పుర్రె కావాలని నేను అనలేదు.

ప్రాణహిత తీరం: మా చేనులో 22 ఏళ్ల క్రితం నాగలికి తగిలిన బరువైన రాయిని ఒక అధికారి వచ్చి, ఎముక కావచ్చునని చెప్పి తీసుకువెళ్లారు. రసీదు ఇవ్వలేదు, ఏమని తేలిందో చెప్పలేదు. మా నాన్నగారు చనిపోయేవరకు దాని గురించి అడుగుతూనే ఉన్నారు.

శిలాన్వేషి: మీ బాధ అర్థమవుతోంది గాని, ఇక్కడి ప్రశ్న నామకరణం గురించి.

ప్రాణహిత తీరం: నామకరణం ఎక్కడి నుంచి మొదలవుతుందండీ? మా పొలం నుంచి కాదా? పూసలో గుంట ఉందా లేదా అని ఇంతసేపు వాదించగలిగిన మీకు, ఆ పూసను మోసిన మనిషి మాట అసందర్భంగా తోచడం నాకు చాలా కష్టం కలిగించింది.

శిలాన్వేషి: క్షమించండి. నిజానికి నన్ను కలవరపెడుతున్నదీ దొరికిన ఎముక జాడ లేకుండా పోవడమే. తమిళనాడులోని అరియలూరు ప్రాంతంలో దొరికిన బృహత్కాయోసారస్ అనే భారీ డైనోసార్ ఎముకలు పొడిపొడి అయిపోయి, నేడు చిత్రాలు, ఛాయాచిత్రాలే మిగిలాయి. పేరు ఉంది, మళ్లీ కొలవడానికి ఎముక లేదు. మరొకరు పరీక్షించలేని పేరును నేను నమ్మలేను.

భూగర్భ విద్యార్థి: అయితే మీ ఫిర్యాదు భద్రపరచడం గురించి, పేరు గురించి కాదు. నా వాదన ఇంకా బలపడింది: పేరు పెట్టిన నమూనాకు నమోదు సంఖ్య ఉంటుంది, దానిని వెతుకుతారు. కనిపించకుండా పోయిన టైటానోసారస్ తోక పూసను 2012లో కోల్‌కతాలో మళ్లీ గుర్తించారంటే, దానికొక పేరు ఉన్నందువల్లనే. పేరులేని రాయిని ఎవరు వెతుకుతారు?

శిలాన్వేషి: సంఖ్య ఇవ్వడానికి కొత్త జాతిని ప్రకటించనక్కరలేదు. దొరికిన రోజే ఇవ్వాలి.

ప్రాణహిత తీరం: మాకు ఆ సంఖ్య అయినా కావాలి.

భూగర్భ విద్యార్థి: ఆ రాయి ఛాయాచిత్రం ఏదైనా ఉందా అండీ?

ప్రాణహిత తీరం: రాయి పక్కన మా చెల్లెలు కూర్చున్నది ఒకటి ఉంది. రేపు పెడతాను.